అందరి ముందల

భద్రాచలంలోని ఒక బీఈడీ కాలేజీలో సుమయ్య మేడం సైకాలజీ చెబుతుంది. ఆ రోజు పాఠం నైతిక వికాసం. దెబ్బలకు భయపడి తప్పు చెయ్యకపోవడం మొదటి మెట్టు, నలుగురి మెప్పు కోసం మంచిగా ఉండటం దానికి పైమెట్టు, ఎవరు చూసినా చూడకపోయినా న్యాయం పక్కన నిలబడటం అన్నిటికంటే పైదని వివరించింది. వయసుతో పాటు మనిషి ఎక్కుతూ పోతాడే గాని మామూలుగా కిందికి దిగడని కూడా చెప్పింది.

వెనక బెంచీలోంచి శ్యామల లేచింది. దుమ్ముగూడెం అవతలి అడవి పల్లె పిల్ల. క్లాసులో నోరు తెరిచే అలవాటు లేదు.

"మేడం, మీ నాయిన ఏ మెట్టు మీద ఉన్నడు?"

"ఏంది శ్యామలా, ఆ మాట?"

"నిన్న మీ బట్టల దుకాన్ల మా అమ్మ సంచి గుంజుకొని నేల మీద కుమ్మరించిండు. చీర దొంగతనం చేసిందని అందరి ముందల కొంగు దులిపించిండు. ఆ చీర వేరే కట్టల దొరికింది. అయినా తప్పైందని ఒక్క మాట అనలే. పో పో అన్నడు."

సుమయ్య పుస్తకం మూసి, తిన్నగా దుకాణానికి వెళ్లింది.

తండ్రి ఆజం గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ఊళ్లో తగాదాలు తీర్చే పెద్దమనిషి. కూతురు అడిగితే దాచలేదు.

"పొరపాటైంది. చీర దొరికింది గదా, ఇంకేం కావాలె?"

"ఆ మాట ఆమెకు చెప్పినవా?"

"అడవి మనిషి ముందల చేతులు కట్టుకోవాల్నా? బజార్ల నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇజ్జత్ నీ ఒక్కనికే ఉంటదా అబ్బాజాన్? ఆఫీసర్ పెండ్లాం కొంగు దులిపిస్తుంటివా? చిన్నప్పుడు పక్క దుకాన్ల అడగకుండ రిబ్బన్ తెచ్చుకుంటే నన్ను చెయ్యి పట్టి గుంజుకపోయి తప్పు చెప్పించినవ్. ఆ మనిషి యాడికి పోయిండు?"

"నీ పాఠాలు కాలేజీల చెప్పుకో, పో!"

మర్నాడు ఆయన కొత్త చీరొకటి ఆటోలో పల్లెకు పంపాడు. శ్యామల తల్లి జంపక్క దాన్ని అదే ఆటోలో తిప్పి పంపింది. "ఎంత పొగరు!" అని ఆజం మండిపడ్డాడు. సుమయ్యకు ఒళ్లు భగ్గుమంది.

సంత రోజున కుర్చీ తెచ్చి దుకాణం గుమ్మంలో వేసుకుని కూర్చుంది. లోపలికొచ్చే ప్రతివారికీ జరిగింది జరిగినట్టు చెప్పింది. కొందరు వెనక్కి తిరిగారు. అన్న ముస్తకీమ్ వచ్చి అరిచాడు. ఆమె లేవలేదు. మధ్యాహ్నానికి ఆజం తానే షట్టరు దించి, "పద" అన్నాడు.

వాళ్లు వెళ్లేసరికి జంపక్క ఇంటి ముందు చింతపండులో గింజలు తీస్తోంది. ఆజం తల వంచి, "తప్పైందమ్మా" అన్నాడు.

ఆమె చేతిలో పని ఆపలేదు.

"సంచి కుమ్మరించింది ఈడ కాదు గదా సేటూ. ఆడ్నే చెప్పు. నలుగురు ఇనాలె."

ఆజం మొహం జేవురించింది. వెనక్కి తిరిగి నడిచాడు. ఈయన ఒక్కసారిగా దిగజారలేదని తిరుగు దారిలో సుమయ్యకు తోచింది. జనం లేచి సలాం కొట్టిన ప్రతిసారీ కాస్త కాస్త దిగాడు, ఎక్కుతున్నాననుకుంటూ. ఇంట్లో అందరూ చూస్తూనే ఉన్నారు, తనతో సహా. ఆ ఆలోచనకు ఆమె కోపం ఇంకా పెరిగింది.

తర్వాతి సంతకు జంపక్క కూతురితో వచ్చి దుకాణం నడిమధ్య నిలబడింది. బేరాలు ఆగిపోయాయి. ఆజం గద్దె దిగాడు.

"ఈ తల్లి మీద దొంగతనం మోపిన. ఆమె తియ్యలే. తప్పు నాదే."

జంపక్క చివరిదాకా విన్నది. "అవ్, నీదే" అని బయటికి నడిచింది. కావలసిన చీర ఎదురు దుకాణంలో కొనుక్కుంది.

ఆజం కూలబడ్డాడు. "చల్లబడ్డదా నీ కోపం?"

"లేదు. బేరం పోతదని భయపడి చెప్పినవ్."

"ఎందుకు చెప్పిన్నో నాకే తెల్వదు బేటా" అన్నాడాయన. "నోట్లకెల్లి వచ్చినంక మాత్రం నిజమనిపించింది."

ఆ మాటను నమ్మాలో వద్దో సుమయ్యకు తేలలేదు. మంచినీళ్ల గ్లాసు తెచ్చి, చేతికివ్వకుండా ఆయన పక్కన పెట్టి వెళ్లిపోయింది.