రెండు దెబ్బల పిలుపు

మాత్ర వేసుకున్న పది నిమిషాలకు మా ఆవిడ కనబడకుండా పోయింది.

అది షుగరు మాత్ర. తిండికి ముందు వేసుకోవాలి, వేసుకున్న అరగంటలోపు తినాలి. తినకపోతే షుగరు పడిపోతుంది. పడిపోతే మనిషి ఎలా అవుతుందో నేనొకసారి చూశాను. వంటగదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్ళంతా చెమట. పళ్ళు బిగుసుకుపోయాయి. నా మొహంలోకి చూసి, ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. "ఇంకాసేపు ఆలస్యమైతే మనిషి మీకు దక్కేది కాదు" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి చొక్కా జేబులో చక్కెర పొట్లం లేకుండా నేను గడప దాటలేదు.

ఆ రోజు కూడా పొట్లం జేబులోనే ఉంది. మనిషే లేదు.

మేము ఆ ఊరు వచ్చింది ఆమె కంటి ఆపరేషను కోసం. మా అమ్మాయి అక్కడ ఒక హోటల్లో బట్టలు ఉతికే చోట పనిచేస్తుంది. ఒక కంటికి ఆపరేషను అయింది, అందులో ఇంకా మసక పోలేదు. రెండో కన్ను ఎప్పుడూ అంతంతమాత్రమే. నల్లద్దాలు పెట్టుకుని ఇంట్లో కూర్చుని విసిగిపోయింది.

"ఒకరి మొహం ఒకరు ఎంతసేపు చూసుకుంటారు, పది దేశాల వీధికి వెళ్ళి రండి" అంది అమ్మాయి, పనికి బయలుదేరుతూ. ఆ వీధిని అందరూ అలాగే అంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు అక్కడ అంగళ్ళు పెట్టుకున్నారు. "అమ్మకు మెత్తటి చెప్పులు కొనండి. పాటలు వినండి. అక్కడే తినేయండి. నాన్నా, మాత్ర సంగతి గుర్తుందిగా?"

"ఊఁ."

"ఊఁ అంటే కాదు, నోరు తెరిచి చెప్పు."

"గుర్తుంది."

"మీ నాన్న నోటికి తాళం వేసి, తాళంచెవి ఏదో ఇంటి పునాదిలో పడేశాడే" అంది మా ఆవిడ. "ఏ ఇల్లో తెలిస్తే నేనే తవ్వుకునేదాన్ని."

నేను తాపీ మేస్త్రిని. పెళ్ళయిన కొత్తలోనే ఆమె నా దగ్గర సిమెంటు మాలు అందించే పనికి వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా నేను కట్టిన ప్రతి గోడకూ తట్ట మోసింది ఆమే. కిందనేమో మాలు కలిపే మిషను రొద, పరంజా మీదనేమో నేను. గొంతు చించుకున్నా వినబడదు. అందుకని తాపీతో ఇటుక మీద కొట్టేవాణ్ణి. రెండు దెబ్బలు కొడితే మాలు తెమ్మని. ఒక్క దెబ్బ గట్టిగా కొడితే ఉన్నచోటే ఉండమని. మిగతా కూలీలకు అది గోలలో గోల. ఆమె మాత్రం ఎంత దూరాన ఉన్నా తల తిప్పేది. పనులు మానేసి నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. ఎక్కడైనా రెండు దెబ్బలు వినబడితే ఆమె కాళ్ళు అటే లేస్తాయి.

వీధిలోకి వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఇసుక వేస్తే రాలని జనం. గుడ్డల తానులు, గాజు సామాను, ఎండు చేపలు, నాకు పేర్లు తెలియని దుంపలు. బోర్డుల మీద ఒక్కో అంగడికి ఒక్కో రాత, ఒకటీ నాకు తెలిసింది కాదు. మూలమీద నలుగురు మైకులు పెట్టి పాడుతున్నారు. మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని, ప్రతి అంగడి ముందూ ఆగి వాసన చూసింది. కళ్ళు పనిచేయకపోతే ముక్కు పనిచేస్తుందట.

"ఏమయ్యా మేస్త్రీ, ఇక్కడ తిందాం, వాసన బాగుంది" అని ఒక తిండి బండి దగ్గర ఆగింది. ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. ఎంతసేపవుతుందిలే అనుకుని మాత్ర వేసుకుంది. నేనే నీళ్ళ సీసా అందించాను. వేసుకోవద్దు, తిండి చేతికొచ్చాక వేసుకో అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

వరస కదలలేదు. ఎదురుగా పాత ఇటుక గోడ ఒకటి ఉంది. వాకిలి మీద కమాను. సిమెంటు లేదు, సున్నంతో కట్టిన కట్టుబడి. ఆ కమాను ఇటుకలు ఒకదానికొకటి ఎలా ఒరుసుకున్నాయో చూస్తే నాకు కాలు ఆగలేదు. నాలుగు అంగల్లో రోడ్డు దాటాను. ఇటుకల మధ్య దర్జులో వేలు పెట్టి గీరాను, సున్నం రాలలేదు. వెళ్తున్నానని ఆమెకు చెప్పానా అంటే, లేదు. చూసే ఉంటుందిలే అనుకున్నాను. ఆమెకు నాలుగు అంగల అవతల ఉన్న మనిషి కనబడడని అప్పుడు నాకు గుర్తు రాలేదు.

తిరిగి వచ్చేసరికి ఆమె నిలబడిన చోట ఎవరో పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు.

మొదట కంగారు పడలేదు. పక్కకు జరిగిందేమో అనుకున్నాను. బండి చుట్టూ తిరిగాను. పక్క అంగడిలోకి తొంగిచూశాను, ఆ పక్కదానిలోకి చూశాను. నల్లద్దాల ముసలామె ఎవరూ లేరు. మూడో అంగడికి వచ్చేసరికి కంగారు మొదలైంది. ఫోను చూద్దామంటే ఒక్కటే ఫోను, అది నా చేతి సంచిలోనే ఉంది. అమ్మాయికి ఫోను చేశాను. పనిలో ఉన్నప్పుడు ఫోన్లు పెట్టెలో పెట్టించుకుంటారు, ఎత్తలేదు.

గుడ్డల అంగడివాడి ముందు నిలబడి కళ్ళకు చేతులు అడ్డం పెట్టి నల్లద్దాలని చూపించాను. నా నడుముకు కాస్త పైన చెయ్యి పెట్టి ఒంగిన మనిషని చూపించాను. వాడు లోపలికెళ్ళి పిల్లల నల్లద్దాలు తెచ్చి ఇచ్చాడు. చేపలు కొట్టే ఆమె నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. పాటల దగ్గర జనంలోకి దూరాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు ఎవరి మొహం చూసినా, చెమటతో గోడకు ఆనుకున్న ఆ మొహమే కనబడుతోంది.

ఒక అంగట్లో గోడ గడియారం చూశాను. మాత్ర వేసుకుని ఇరవై నిమిషాలు. పొద్దున కూడా సగమే తిన్నది, బయట తినాలి కదా అని.

"తాతా, ఏం పోగొట్టుకున్నావ్?"

మన మాట. చెవులను నమ్మలేకపోయాను. చెప్పుల అంగడి ఆమె, ముప్పై అయిదేళ్ళుంటాయి, మనిషి చూస్తే మనవాళ్ళలా లేదు. తర్వాత తెలిసింది, మనవాళ్ళ ఇంట్లో పదేళ్ళు వంట చేసిందట.

"మనిషిని" అన్నాను.

"ఏ మనిషిని?"

"మా ఇంట్లో మనిషిని."

"ముసలమ్మా? ఎటు పోయింది?"

"తెలీదు. షుగరు. మాత్ర వేసుకుంది. తినలేదు. అరగంటలో తినాలి." ఒక్క ఊపున అంత మాట్లాడి చాలా ఏళ్ళయింది.

ఆమె మొహంలో నవ్వు పోయింది. "పేరు చెప్పు తాతా. పాడేవాళ్ళ మైకులో పిలిపిస్తాను."

"పలకదు."

"ఎందుకు పలకదు? చెవుడా?"

"పేరుతో ఎవరూ పిలవరు. నేనసలే పిలవను. ఈ గోలలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుంటుంది."

"మరి నువ్వేమని పిలుస్తావ్?"

ఆమె బల్ల మీద చెప్పులకు మేకులు కొట్టే చిన్న సుత్తి ఉంది. తీసుకుని బల్ల అంచు మీద రెండు దెబ్బలు కొట్టాను.

"ఇలా."

"ఇలానా? పెళ్ళాన్నా?" అంది. తర్వాత ఏమనుకుందో, "సరే, గట్టిగా కొట్టు" అంది.

మళ్ళీ కొట్టాను. కొట్టి చెవి ఒగ్గి ఆగాను. అప్పుడు వినబడింది నాకు ఆ వీధి. అంతసేపూ కళ్ళతో వెతికాను గాని వినలేదు. పెనం మీద అట్లకాడ టకటకలు. చేపలు కొట్టే కత్తి. ఎవరో చెక్క పెట్టె తెరవడానికి మేకులు పీకుతున్నారు. ఇటు చప్పుడు, అటు చప్పుడు. అప్పుడు అర్థమైంది. నేను గోడ దగ్గర ఉన్నప్పుడు ఎవడో రెండు దెబ్బలు కొట్టాడు. నేనే అనుకుని అటు పోయింది. కనబడని కళ్ళతో, ఖాళీ కడుపుతో, నేను పిలుస్తున్నానని పోయింది.

"ఏ చప్పుడుకు పోయిందో" అన్నాను పైకే.

"ఈ వీధిలో చప్పుడు చేయనివాడెవడు తాతా" అంది చెప్పులామె. బల్ల మీద గుడ్డ కప్పేసి నా పక్కకు వచ్చింది.

కళ్ళు మూసుకున్నాను. అట్లకాడ ఆగకుండా కొడుతుంది, అది కాదు. కత్తి కూడా ఆగదు. నా పిలుపు రెండు కొట్టి ఆగుతుంది, మాలు వచ్చేదాకా మళ్ళీ కొట్టను. ఆమెకు ఆ ఆగడమే గుర్తు. రెండు కొట్టి ఆగే పని ఏముంది ఇక్కడ? కొట్టి, ఆగి, వినేవాడెవడు?

"వాయించే సామాను బాగుచేసేవాళ్ళు ఉన్నారా?" అని అడిగాను.

"డోళ్ళు బాగుచేసే ఆయన ఉన్నాడు. ఆ సందులో, మెట్లు దిగాలి. నువ్వెలా—"

నేను అప్పటికే నడుస్తున్నాను. పరుగెత్తే వయసు కాదు, అయినా అది పరుగే అయి ఉంటుంది. చెప్పులామె వెనక వస్తూ జనాన్ని తన భాషలో తిడుతూ పక్కకు నెట్టింది. సందు మొదట్లోనే వినబడింది. ఇనుప కమ్మీ మీద సుత్తి, టక్ టక్. తర్వాత నిశ్శబ్దం. పిలుపు అచ్చం నాదే.

మెట్లు ఏడు. ఒక్కదాని అంచు అరిగి నున్నగా ఉంది. ఆమె ఇది దిగిందా, పడిందా అని ఒక్క క్షణం ఆలోచన వచ్చింది, ఆపేశాను.

లోపల చీకటిగా ఉంది, తోలు వాసన. ఒక లావుపాటి మనిషి ఒళ్ళో డోలు పెట్టుకుని, దాని కమ్మీ మీద సుత్తితో కొట్టి చెవి ఆనించి వింటున్నాడు. అతని వెనక తోళ్ళ కట్ట మీద మా ఆవిడ కూర్చుని ఉంది. తల గోడకు ఆనింది. అద్దాలు ఒక చెవి నుంచి వేలాడుతున్నాయి. నుదుటి మీద చెమట చుక్కలు చుక్కలుగా నిలిచింది.

"ఎవరో ముసలమ్మ వచ్చి కూర్చుంది, పని చూస్తోందనుకున్నాడట" అని చెప్పులామె అతన్ని ఏదో అడిగి, నాకు చెప్పింది. నేను వినలేదు. మోకాళ్ళ మీద కూలబడి మొహం పట్టుకున్నాను. మంచుముద్దలా ఉంది.

"ఇదిగో" అన్నాను.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. వంటగదిలో చూసిన చూపే అది. "రెండు కొట్టావని వచ్చాను" అంది నాలుక మడతపడుతూ. "తట్ట దొరకలేదు. ఒకటి కొట్టావు కదా, కూర్చున్నా."

నాతో కాదు. ఎవరితోనో, ఎప్పటి నాతోనో.

పొట్లం తీశాను. తొందరలో విప్పితే సగం చక్కెర నేల మీద పోయింది. డోళ్ళాయన నీళ్ళ గ్లాసు అందించాడు, చెప్పులామె చక్కెర కలిపింది. "మెల్లగా, పొలమారుతుంది" అంది. నేను తల పట్టుకున్నాను. మొదటి గుక్క పెదవుల పక్క నుంచి కారిపోయింది. రెండోదీ సగం కారిపోయింది. మింగు, మింగు అన్నాను. ఎన్నిసార్లు అన్నానో. మూడోది మింగింది. గొంతు కదలడం నా అరచేతికి తెలిసింది.

గ్లాసు అయిపోయింది. డోళ్ళాయన సుత్తి పక్కన పెట్టేశాడు. చూస్తూ కూర్చున్నాం. అయిదు నిమిషాలో పది నిమిషాలో. వేళ్ళు వెచ్చబడ్డాయి ముందు. తర్వాత అద్దాలు సరిచేసుకుంది. అద్దాల వెనక నుంచి నన్ను నన్నుగా చూసింది.

"ఎక్కడికి పోయావయ్యా?" అంది.

"గోడ చూడ్డానికి."

"గోడా?"

"ఊఁ."

"ఇన్నేళ్ళూ గోడలే చూశావు, ఇంకా తనివి తీరలేదా." కోపం పూర్తిగా తెచ్చుకునే ఓపిక లేదు ఆమెకు. చుట్టూ చూసింది. "ఈయన ఎవరు? నువ్వనుకున్నానే. వీపు నీ వీపులాగే ఉంది, కాకపోతే కాస్త తిండి తిన్న వీపు."

చెప్పులామె అది డోళ్ళాయనకు తన భాషలో చెప్పింది. ఆయన నవ్వలేదు, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆయనకూ భయమేసినట్టుంది.

"చక్కెర నీళ్ళు ఎంతోసేపు ఆగవు, తినాలి. నేను పట్టుకొస్తాను" అని చెప్పులామె మెట్లెక్కింది.

"మనమే పోదాం పద" అని మా ఆవిడ గోడ పట్టుకుని లేచింది. నేను లేవబోయాను. కాళ్ళు నావి కావు. పరంజా విరిగి రెండంతస్తుల నుంచి పడ్డ రోజు కూడా నా అంతట నేనే లేచాను.

"లే మేస్త్రీ."

"లేవలేను."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. భయమేసింది."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తోళ్ళ కట్ట మీద మళ్ళీ కూర్చుంది. నేను ఆమె కుడి చెయ్యి పట్టుకున్నాను.

తిండి వచ్చింది, రేకు పళ్ళెంలో, పొగలు కక్కుతూ. చెప్పులామె పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టి చెంచా ఇచ్చింది.

"చెయ్యి వదులు, తినాలి" అంది మా ఆవిడ.

నేను వదల్లేదు.

"ఏమయ్యా, పరాయివాళ్ళ ముందు ఎడమ చేత్తో తినమంటావా?"

"తిను" అన్నాను.

గొణుక్కుంటూ చెంచా ఎడమ చేతిలోకి మార్చుకుని తిన్నది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నేను లెక్కపెడుతూనే ఉన్నాను, ఒక్కో ముద్దా గొంతు దిగిందా లేదా అని.