ట్యాంకు మూతకి తాళం

ఎత్తు ఎక్కుతుండగా కారు మళ్లీ నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. ఆస్పత్రికి పోవలసిన ఆవిడ విసుక్కుంటూ దిగి వేరే బండి ఎక్కింది. పోయిన కిరాయి డ్రైవరు జీతంలోంచి కోస్తారు. బండి ఎవరి చేతిలో ఆగితే నష్టం వాళ్లదే, అది యజమాని పెట్టిన కట్టుబాటు. కాసేపాగి తిప్పితే ఆ పాత కారు ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. డ్రైవరు ఆగుతూ, ఆగుతూ గ్యారేజీ చేరాడు.

యజమాని అక్కడే కాచుకుని ఉన్నాడు.

"పెట్రోలు అమ్ముకుని ఏం కలుపుతున్నావు? కిరసనాయిలా?"

"ట్యాంకు మూతకి తాళమేసి, చెవి మీ జేబులోనే పెట్టుకున్నారు కదా సార్!"

"పైపులోంచి లాగొచ్చని నాకు తెలీదనుకున్నావా?"

మెకానిక్ పైపు ఊడదీసి, పెట్రోలు సీసాలో పట్టి వెలుతురుకి ఎత్తి చూశాడు. నలుసు లేదు. ఫిల్టరు శుభ్రంగానే ఉంది, పంపు పనిచేస్తూనే ఉంది. ఒక్కొక్కటీ చూసి డ్రైవరు వంక ఓరగా చూస్తున్నాడు. వీడూ యజమాని మనిషే, ఇద్దరూ కూడబలుక్కున్నారని డ్రైవరు అనుకున్నాడు. నిన్న భార్య కూడా అడిగింది, "నిజం చెప్పు, నువ్వేం తియ్యలేదుగా?" అని.

"ఈ తెగులు ఎప్పట్నుంచి అన్నా?" మెకానిక్ అడిగాడు.

"ఆ తాళం మూత బిగించిన మర్నాటి నుంచి."

మెకానిక్ ఇంజను ఆడించి, అది ఆయాసపడి ఆగేదాకా ఊరుకున్నాడు. తర్వాత యజమాని ముందు చెయ్యి చాపాడు. "చెవి ఇవ్వండి."

మూత తిప్పగానే ఉస్సుమంటూ గాలి లోపలికి పోయింది. ఈసారి ఇంజను అందుకుంది, ఆగలేదు.

"నూనె డబ్బాకి ఒక్క బెజ్జమే పెడితే నూనె పడుతుందా? పాత మూతకి గాలి బెజ్జం ఉండేది, దీనికి లేదు. కారుకి ఊపిరాడక ఆగిపోతోంది. ఇతను ఏమీ తియ్యలేదండీ."

యజమాని మొహం కందగడ్డ అయింది. కాసేపటికి తేరుకుని నవ్వేశాడు. "సరే, దీనికీ ఓ బెజ్జం కొట్టు. తాళం మాత్రం ఉండనీ." డ్రైవరు వైపు తిరిగాడు. "ఇంకేం, ఎక్కు."

డ్రైవరు చేతులకంటిన మసి గుడ్డతో నిదానంగా తుడుచుకున్నాడు.

"తాళం తియ్యండి సార్, ఎక్కుతా."

"ఒళ్లు తెలిసే మాట్లాడుతున్నావా? ఈ సీటు కోసం బయట పదిమంది ఉన్నారు!"

డ్రైవరుకి భయం వేస్తోంది. అయినా కాళ్లు కదపలేదు. తలుపు తెరిచే ఉంది, ఇంజను చక్కగా ఆడుతోంది, సీటు మాత్రం ఖాళీగా ఉంది.