రక్తంలో ఉందో లేదో

సఖినేటిపల్లి రేవులో పుట్టిన పిల్లకి ఎండ పడకపోవడమేమిటని మొదట్లో అందరూ నవ్వారు. నూకరత్నానికి ఏడాదైనా నిండకముందు ఓ రోజు పడవలో చాపేసి పడుకోబెడితే, సాయంత్రానికల్లా మొహం పొక్కి కళ్ళు మూసుకుపోయాయి. దిష్టన్నారు. మూడో ఏటికి మొహమ్మీదా చేతులమీదా నువ్వులు జల్లినట్టు మచ్చలు లేచాయి. అమ్మవారికి మొక్కుకోమన్నారు. ఆరో ఏట ముక్కు పక్కన లేచిన పుండు ఏ పసరుకీ మానలేదు. తల్లి నాగమణికి కాళ్ళూ చేతులూ ఆడక ఏడుస్తూ కూర్చుంటే, ఆమె చెల్లెలు సత్తెమ్మే పిల్ల నెత్తిన తడి తువ్వాలు కప్పి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. సత్తెమ్మకి పందొమ్మిదేళ్ళు.

అప్పటికే సత్తెమ్మ పెళ్ళి ఖాయమైపోయింది. మేనత్త మహాలక్ష్మమ్మకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఏడుకొండలికి నాగమణినిచ్చారు. చిన్నవాడు గంగరాజు సత్తెమ్మకని ఆమె పుట్టిన రోజే అనుకున్నారు. అతను నరసాపురం రేవుకి జనాన్ని దాటించే పడవ నడిపేవాడు. ఆమె బిందెతో గట్టు దిగే వేళకి ఎలాగైనా ఇవతలి ఒడ్డుకి చేరేవాడు. దానికోసం అవతల ఒక్కోసారి జనం నిండకుండానే పడవ వదిలేసేవాడు. మిగిలిపోయినవాళ్ళు తిట్టుకునేవారు. ఎందుకు వదిలేసేవాడో రేవులో అందరికీ తెలుసు.

ఆసుపత్రిలో ఓ డాక్టరమ్మ పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించింది. కేన్సరని తేలింది. పుండు కోసి తీసేశారు. అదిగాక, పిల్ల చేతి మీంచి గోరంత చర్మం తీసి బొంబాయి పంపించారు. నాలుగు నెలలకి అక్కణ్ణుంచి కాగితం వచ్చింది. డాక్టరమ్మ సత్తెమ్మని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"ఎండ తగిలితే ఎవరి చర్మమైనా లోపల కాస్త దెబ్బతింటుందమ్మా. ఆ దెబ్బని ఒళ్ళే రోజూ బాగుచేసుకుంటుంది. ఈ పిల్లకి ఆ బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే లేదు."

"మా అక్కా బావా రోజంతా ఎండలోనే ఉంటారండీ. వాళ్ళకేం లేదు కదండీ?"

"ఆ శక్తి మనకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. మీ అక్కకీ బావకీ ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. మంచిది పనిచేస్తుంటే చెడ్డది బయటపడదు. ఈ పిల్లకి ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డదే వచ్చింది. వాళ్ళిద్దరూ చుట్టాలా?"

"ఆయ్. మేనరికమండీ."

డాక్టరమ్మ తల ఊపి కాగితమ్మీద ఏదో రాసుకుంది. సత్తెమ్మ పిల్లని తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఆ బావ తమ్ముణ్ణే నేను చేసుకోవాలండీ. మా ఇద్దరి రక్తం చూసి, ఆ చెడ్డది మాలో ఉందో లేదో చెప్పరాండీ?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "చెప్పలేనమ్మా. నీలో ఉండొచ్చు, లేకపోవచ్చు. అతనిలోనూ అంతే. జబ్బు పైకొచ్చినవాళ్ళని పట్టుకునే పరీక్ష ఉంది. లోపల దాగి ఉన్నవాళ్ళని పట్టుకునేది ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తాదండీ?"

"పదేళ్ళు పట్టొచ్చు. పదిహేనూ పట్టొచ్చు. రావడం మాత్రం వస్తుంది."

సత్తెమ్మ ఆ ఆఖరి మాట పట్టుకుని ఇంటికొచ్చింది.

నూకరత్నాన్ని ఇంట్లో రత్తమనేవారు. రత్తం ఉండే గదికి కిటికీలన్నీ గోనెపట్టాలతో మూసేశారు. పొద్దు గుంకాకే పిల్ల వాకిట్లోకి వచ్చేది. ఆదివారం ఆదివారం సత్తెమ్మ దాన్ని దీపం దగ్గర నిలబెట్టి తల నుంచి కాలిదాకా చూసేది. కొత్తగా పుట్టిన మచ్చ, పెరిగిన మచ్చ, రంగు మారిన మచ్చ, ఈ మూడూ వెతకమని డాక్టరమ్మ నేర్పింది. బడి పుస్తకంలో మనిషి బొమ్మ గీసుకుని, మచ్చలున్నచోట చుక్కలు పెట్టుకునేది. ఆవగింజంత ఉన్నది పెసరగింజంత అయితే మర్నాడే కాకినాడ బస్సెక్కేది.

"పిన్నీ, పగలు గోదారి ఏ రంగులో ఉంటాది?" అని అడిగేది రత్తం.

గంగరాజుకి ఆమె సంగతంతా గట్టుమీద నిలబడి చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"పిల్లలొద్దులే సత్తీ. మనిద్దరం ఉందాం."

"ఇవాళ అలాగే అంటావు బావా. రేపు మీయమ్మ అడుగుతాది, ఊరడుగుతాది. నాకే ఆశ పుడతాదేమో. రత్తాన్ని రోజూ చూస్తా ఇంకో రత్తాన్ని ఎలా కనను?"

"అయితే ఆ పరీక్షేదో వచ్చేదాకా ఉంటాను."

ఉన్నాడు. మూడు నెలలకోసారి కాకినాడ వెళ్ళినప్పుడల్లా సత్తెమ్మ, పిల్లని చూపించడం అయ్యాక, "వచ్చిందాండీ?" అనడిగేది. డాక్టరమ్మ అడ్డంగా తలూపేది. తిరిగొచ్చేసరికి గంగరాజు రేవులో నిలబడి ఉండేవాడు. ఆమె మొహం చూసి, పిల్ల మీద గొడుగు పట్టేవాడు. అలా ఐదేళ్ళు గడిచాయి.

ఓ మధ్యాహ్నం మహాలక్ష్మమ్మ వచ్చి గుమ్మంలో చతికిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకుంది సత్తెమ్మ. ఆవిడ తిట్టలేదు.

"ఆడికి ముప్పై దాటతన్నాయే. నువ్వు చేసుకోమంటేనే చేసుకుంటానంటన్నాడు. ఆ మాటేదో నువ్వే అనవే తల్లీ."

ఆ సాయంత్రం సత్తెమ్మ రేవుకి వెళ్ళి ఆ మాట అంది. గంగరాజు పడవలో నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. అన్నీ తోడేశాక కూడా ఖాళీ చెంబుతో అడుగు గీకుతూనే ఉన్నాడు.

మురమళ్ళ వైపు నుంచి, ఏ చుట్టరికమూ లేని పిల్లని తెచ్చి గంగరాజుకి చేశారు. మరుసటేడే కొడుకు పుట్టాడు. పురిటి స్నానం నాడు అందరితోపాటు సత్తెమ్మ కూడా వెళ్ళి బిడ్డని ఎత్తుకుంది. తనకి తెలియకుండానే వాకిలి వెలుగులోకి తీసుకెళ్ళి బుగ్గలూ మెడా వెతికింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. నేరేడుపండులా నిగనిగలాడుతున్నాడు. చల్లగా ఉండాలనుకుంది, మనసారా అనుకుంది. ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేకపోయింది.

ఆమె మరెవరినీ చేసుకోలేదు. ఎవరైనా అడిగితే రత్తాన్ని చూపించేది.

ఎనభై ఏడులో, అప్పటికి హైదరాబాదు వెళ్ళిపోయిన డాక్టరమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్ష రాలేదు. కానీ రక్తంలో ఆ లోపం ఏ చోట ఉంటుందో వెతకడం మొదలుపెట్టారనీ, జబ్బున్న కుటుంబాల్లో అందరి రక్తమూ కావాలనీ, తనే వస్తున్నాననీ రాసింది.

సఖినేటిపల్లి ఆసుపత్రి వరండాలో కుటుంబమంతా వరసగా కూర్చున్నారు. పదిహేనేళ్ళ రత్తం నల్లకళ్ళజోడు పెట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని మధ్యలో కూర్చుంది. అప్పటికి దాని ఒంటిమీంచి తొమ్మిదిసార్లు పుళ్ళు కోశారు, ఒక కన్ను పోయింది. "ఈ పిల్ల ఇంతవరకూ ఉందంటే నీ పుస్తకం వల్లేనమ్మా," అంది డాక్టరమ్మ. సత్తెమ్మ, గంగరాజు పక్కపక్కనే చేతులు చాపారు. ఆ ఇద్దరి సీసాలకీ పేర్లంటించి, ఐసు పెట్టెలో ఒకదాని పక్కన ఒకటి పెట్టారు.

డాక్టరమ్మ ముందు పడవలో నరసాపురం వెళ్ళిపోయింది, రైలుకి టిక్కెట్లు చూసుకోవాలట. ఆసుపత్రివాళ్ళు మిగిలిన సీసాలు సర్దాక పెట్టె తెచ్చివ్వమని సత్తెమ్మకి అప్పగించింది. గంగరాజు తన పడవ విప్పాడు. వేరే జనాన్ని ఎక్కించుకోలేదు. ఆమె పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"జవాబొస్తే నాకు చెబుతావా?" అన్నాడు నడి గోదావరిలో.

"వస్తే ఇప్పుడేం చేసుకుంటావు బావా?"

"ఏం చేసుకోను. మనిద్దరిలో లేదని తెలిస్తే ఏడుస్తాను. ఉందని తెలిస్తే కాస్త నిద్ర పడతాదేమో."

అతను తెడ్డు వేయడం మానేశాడు. ప్రవాహం పడవని మెల్లగా కిందికి, అంతర్వేది వైపుకి లాగుతోంది. అరగంటలో దాటాల్సిన ఏరు ఎంతకీ దాటలేదు. దాటాలని ఇద్దరికీ లేదు. పెట్టె అడుగు నుంచి చల్లటి నీళ్ళు ఆమె చీర కుచ్చిళ్ళ మీదికి కారుతున్నాయి. చాలాసేపు అలా కారనిచ్చింది.

"ఐసు కరిగిపోతంది బావా," అంది చివరికి.

గంగరాజు తెడ్డు అందుకున్నాడు. ఒడ్డున డాక్టరమ్మ చేయి ఊపుతోంది.