బల్లి మాత్రం నాది

బియ్యప్పిండి గంజి పట్టించి ఆరబెట్టిన గుడ్డను రస్మి పెద్ద గవ్వతో రుద్దుతూ ఉంది. నున్నబడి మెరుపు తేలేదాకా రుద్దాలి. డెబ్బయ్యొకటో ఏట కూడా ఆమె కుడి భుజం ఎడమదానికన్నా బలంగా, కాస్త ఎత్తుగా ఉంటుంది. వేళ్ల సందుల్లో ఎర్రరాయి రంగు ఏ సబ్బుకూ లొంగకుండా స్థిరపడిపోయింది.

గుడ్డ మీద బొమ్మలేసే ఊరు కమాసన్‌లో బొమ్మ ఒకరు గీస్తారు, రంగులు ఇంకొకరు వేస్తారు. రస్మిది రంగుల పని. తొమ్మిదో ఏట మేనత్త పక్కన కూర్చుని మొదలుపెట్టింది. పెళ్లయినా, భర్త పోయినా ఆ పని మానలేదు. బొమ్మ కింద పేరు రాసుకునే అలవాటు ఆ ఊళ్లో లేదు. రాయాలని ఆమెకూ ఎన్నడూ తోచలేదు.

ఆ ఉదయం పక్కవీధి సువారి వచ్చింది. డెన్‌పసార్‌లో చిత్రకళ చదువుతున్న పిల్ల. వస్తూనే ఫోను ముందు పెట్టింది. జకార్తాలో ఒక పేరున్న చిత్రకారుడి ప్రదర్శన. గోడంత కాన్వాసు మీద, అశోకవనంలో తలవంచుకున్న సీత. అచ్చం ఇక్కడి సీతే. కింద పేరు మాత్రం ఆయనది. కాలేజీ అంతా మండిపడుతోందనీ, దొంగతనమని ఫిర్యాదు రాశామనీ, అవ్వ సంతకం పెడితే బొమ్మను దించేయిస్తామనీ చెప్పుకొచ్చింది.

రస్మి చేతులు తుడుచుకుని ఫోను అందుకుంది. చాలాసేపు చూసింది.

“సీత నాది కాదే. అత్త దగ్గర నేర్చుకున్నా. అత్తేమో గుడి పైకప్పు మీది బొమ్మలు చూసి నేర్చుకుంది. మరి మేమూ దొంగలమేనా?”

“నువ్వు వేరు అవ్వా. నువ్వు నేర్చుకున్నావు, ఆయన ఎత్తుకుపోయాడు.”

“నేనెవర్నడిగి నేర్చుకున్నా?”

రస్మి ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఉన్నట్టుండి నవ్వింది. సీత వెనక చెట్టు మొదట్లో ఒక బల్లి. ముప్పయ్యేళ్ల కింద సిరా చుక్క పడితే, గుడ్డ పాడవకుండా దానికి కాళ్లూ తోకా పెట్టింది తనే. కొన్నవాళ్లు ముచ్చటపడ్డారు. అప్పట్నుంచి సీత ఉన్న ప్రతి గుడ్డ మీదా వేస్తూ వచ్చింది. పాత బొమ్మల్లో ఎక్కడా అది లేదు.

“తోక కుడివైపు తిరిగింది చూడు. చుక్క అటు జారింది మరి. నా తప్పును కూడా వదల్లేదు మహానుభావుడు.”

“అయితే సాక్ష్యం దొరికినట్టే. దించేయమందాం.”

“దించొద్దు. బాగా వేశాడు. సీతను ఎవరైనా వేసుకోవచ్చు. ఎక్కడిదో చెప్పాలి, అంతే. కమాసన్ అని రాయమను. బల్లి మాత్రం నాది. దానికి నా పేరుండాలి.”

కూరలో ఉప్పు చాల్లేదని చెప్పినంత మామూలుగా చెప్పింది. సువారి తెచ్చిన కాగితం మడిచేసి, ఆమె చెప్పినట్టే కొత్తది రాసింది. రస్మి అక్షరం అక్షరం దిద్దినట్టు సంతకం చేసి, దూరంగా పట్టుకుని చూసుకుంది. ఒక అక్షరం వంకరపోయిందని కొట్టేసి మళ్లీ రాసింది. సువారి దాన్ని ఫోటో తీసి జకార్తాకు పంపి, జవాబు రాగానే వస్తానని ఇంటికి వెళ్లింది.

రస్మి సగంలో ఉన్న వేరే గుడ్డ తీసి మధ్యాహ్నం దాకా ఎరుపు వేసింది. అన్నం తిని, కంచం కడిగి బోర్లించింది.

మూడింటికి సువారి దాదాపు పరుగున వచ్చింది. జవాబు ఆ చిత్రకారుడే స్వయంగా రాశాడు. తను చూసి వేసిన గుడ్డను సుకావతి సంతలో కొన్నాడట. పేరు లేదు కనక ఎవరిదీ కాదనుకున్నాడట. తప్పు తనదేననీ, రేపే బొమ్మ పక్కన ఊరి పేరూ ఆమె పేరూ పెట్టిస్తాననీ, పేరు పూర్తిగా, తప్పుల్లేకుండా పంపమనీ రాశాడు.

రస్మి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. కునుకు తీస్తోందనుకుని సువారి జవాబంతా గట్టిగా చదివింది. ఆపైన భుజం తట్టింది. ఒళ్లో ఉన్న చెయ్యి జారి చాపకు తగిలి, అలాగే ఉండిపోయింది.

తన కేక విని ఇరుగుపొరుగు వచ్చేలోపు సువారి ఆమె పక్కనే కూర్చుంది. ఆయన అడిగిన పూర్తి పేరు ఫోనులో కొట్టి పంపింది. ని నెంగా రస్మి. ఒకటికి రెండుసార్లు సరిచూసింది.

అప్పుడు కనిపించాయి, చాప అంచున రెండు కాఫీ గ్లాసులు. ఒకటి తాగేసినది, అడుగున మడ్డి ఉంది. రెండోదాని మీద, ఈగలు వాలకుండా, మూత పెట్టి ఉంది. ముట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది.