మడమ కింద చెయ్యి

మా ఝాన్సీ నాలుగో తరగతి. పిల్లలకి పెద్దల విలువ తెలియాలని వాళ్ల స్కూల్లో పాదపూజ పెట్టారు. ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాలి. పిల్లలు వాళ్ల కాళ్లు కడిగి, పసుపు రాసి, పూలు పెట్టాలి.

ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా అత్త నూకరత్నం రోజూ రాయి పెట్టి మడమలు రుద్దుకుంటోంది. నర్సీపట్నం మార్కెట్లో చేపలమ్ముతుంది. ఐసు నీళ్లలో నాని నాని ఆ పాదాలు తెల్లబడి, పగిలిపోయి ఉంటాయి. ఆ రోజు బేరానికి రానని పక్కన కూర్చునే బుల్లమ్మకి కూడా చెప్పేసిందట.

ముందు రోజు సాయంత్రం ఝాన్సీ వచ్చి, వీధి చివర మేడింటి రామాయమ్మగారిని తీసుకెళ్దామంది. ఆవిడ పాదాలైతే ఫొటోలో బాగుంటాయట. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెడతారట. అత్త గుమ్మంలోనే ఉంది. రాయి చేతిలోనే ఉంది.

అలా అనకూడదని నేను చెప్పాలి. చెప్పలేదు. ఆ కాళ్లు, ఆ వాసన చూసి మిగతా తల్లులు ఏమనుకుంటారోనని నాకూ లోపల గుబులుగానే ఉంది.

అత్త రాయి పక్కన పెట్టింది. "నాకూ రేపు బేరాలున్నాయిలే," అంది. ఝాన్సీ వైపు తిరిగి, "కాళ్లు కడగడం వొచ్చేటే నీకు? బేసిను అట్టుకురా, సెప్తాను."

ఝాన్సీ ఒక చేత్తో ముక్కు మూసుకుని కూర్చుంది.

"ఆ సెయ్యి కూడా ఇటియ్యి, రెండూ కావాల. నీళ్లు గోరెచ్చగా ఉండాల. మడమ కింద సెయ్యెట్టి పట్టుకో. గాల్లో ఉంటే ముసిలోళ్ల కాలు వొణుకుతాది."

మర్నాడు స్కూల్లో రామాయమ్మగారి కాలు నిజంగానే వణికింది. మిగతా పిల్లలు నీళ్లు పోసి లేచిపోతున్నారు. ఝాన్సీ మడమ కింద చెయ్యి పెట్టి, వణుకు ఆగేదాకా పట్టుకుంది. టీచరు మైకు తెచ్చి, ఇంత బాగా ఎవరు నేర్పారని అడిగింది.

"మా నాన్నమ్మ," అంది ఝాన్సీ.

టీచరు రామాయమ్మగారికి వంగి దండం పెట్టింది. ఆవిడ కాదనలేదు, నవ్వారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఝాన్సీ నా వైపు చూసింది. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని, టీచర్ల ముందు నాకు నోరు పెగలదు. చూసుకుంటే నా చేతులు కూడా చప్పట్లు కొడుతున్నాయి.

సాయంత్రం అత్త గంప దించి, ఫొటో చూపించమంది. ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "మడమ బాగా అట్టుకున్నావే."

"టీచరు ఆవిడే నేర్పిందనుకుంది నాన్నమ్మా. అందరూ సప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది."

అత్త నా వైపు చూడలేదు. "అందరూ కొడతా ఉంటే మీయమ్మ ఒక్కర్తీ ఏటి సేస్తాది," అని గుమ్మంలో చతికిలబడింది.

ఝాన్సీ వెళ్లి బేసిను తెచ్చి ఆ కాళ్ల ముందు పెట్టింది. నేను పొయ్యి మీద నీళ్లు పెట్టాను. కాగాయో లేదోనని చెయ్యి ముంచితే, ధ్యాసంతా ఆ చప్పట్ల మీదుండి, నాకేమీ తెలియలేదు. ఇంకాసేపు ఉంచాను.

ఝాన్సీ వచ్చి, వేలు పెట్టి చటుక్కున తీసేసుకుంది.

"అమ్మా, నాన్నమ్మకి కాల్తాది. సన్నీళ్లు కలుపు."