కనకవ్వ మూడో చెయ్యి

నేను ఒక చెయ్యిని. నా వెనక మనిషి లేడు. మోచేతి కిందినుంచి వేళ్ల కొసలదాకా, అంతే. పైన రబ్బరు చర్మం, లోపల సన్నని గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్లు, అడుగున చిన్న మోటారు. స్విచ్ వేస్తే నాడి ఆడుతుంది, తీస్తే ఆగుతుంది. ఇంత సులువైన చావుబతుకులు మీకెవరికీ లేవు.

ఎక్కడో విదేశంలో నన్ను పోతపోసి, తెల్లగా నున్నగా తీర్చిదిద్ది, చర్లపల్లిలోని ఒక కంపెనీకి పంపారు. గడియారంలా చేతికి కట్టుకుంటే గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పే బ్యాండ్లు అక్కడ తయారవుతాయి. కొత్త రకం ఏది తయారైనా ముందు నాకే కడతారు. అది నా మీద ఆకుపచ్చ వెలుతురు వేసి, లోపలి ఎర్రనీళ్ల కదలిక చూసి, "డెబ్బై రెండు" అంటుంది. నేను కొట్టుకునేదీ డెబ్బై రెండే గనుక పాస్. మేనేజరు చక్రపాణిగారు "చెయ్యి ఒప్పుకుందా?" అని అడిగేవారు. నేను ఒప్పుకున్నాక ఇంకెవరూ నోరెత్తకూడదు. నాకు పొగరెక్కిందంటే ఎక్కదా మరి!

మన బ్యాండు మనమే కట్టుకోకపోతే ఎలా అని ఒకసారి చక్రపాణిగారికి తోచింది. ఉద్యోగుల హాజరును దానికే అప్పగించారు. నాడి దొరికితే హాజరు, దొరక్కపోతే గైర్హాజరు. అందరికీ బాగానే దొరికింది, ప్యాకింగులో పనిచేసే కనకవ్వకు తప్ప. ఆమె ఎడమ మణికట్టు మీద వాళ్ల అన్న పేరు, కుడి మణికట్టు మీద తులసికోట, రెండూ చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్లు. బ్యాండు వెలుతురు ఆ రంగు దాటి లోపలికి పోలేకపోయింది. ఎంత బిగించినా తెరమీద ఒకటే మాట: "దయచేసి బ్యాండు ధరించండి."

"కట్టుకొనే ఉన్న గదా, దీనికి కండ్లు కనవడ్తలేవా?" అని కనకవ్వ దాన్ని తిట్టిపోసింది. పొద్దున్నుంచీ ఆమె డబ్బాలు కడుతూ ఎదురుగానే కనబడుతోంది. అయినా సూపర్‌వైజరు, "నేనేం జెయ్యాలె అక్కా? ఇట్లనే గైర్హాజరు పడితే సిస్టమే నీ పేరు తీసేస్తది" అన్నాడు.

ఆమె నేరుగా మా అద్దాల గదికి వచ్చింది. బ్యాండ్లను పరీక్షించే ఇంజనీరు తబిత అక్కడ ఉంటుంది. పచ్చబొట్టు ఉంటే రెండో చేతికి కట్టుకోవాలని తబిత చెప్పింది.

"రెండో దానికి గూడ ఉన్నది మేడం. మూడో చెయ్యి ఏడికెల్లి తేవాలె? పని పోతే నేనేం గావాలె?" కనకవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పచ్చబొట్టు మీద బ్యాండు పనిచెయ్యట్లేదని చెప్పడానికి తబిత చక్రపాణిగారి దగ్గరికి వెళ్లింది. "చెయ్యి ఒప్పుకుంది కదమ్మా" అని ఆయన పంపించేశారు. తిరిగొచ్చి కాసేపు నావైపు చూసింది. తర్వాత కనకవ్వ బ్యాండు తీసి నాకు కట్టేసింది.

అప్పటినుంచి పని ఆమెది, నాడి నాది. రోజూ పొద్దున్నే వచ్చి, "నా పానం పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పి, నన్ను తట్టి వెళ్లేది. నన్ను బిడ్డా అన్నవాళ్లు అంతకు ముందు లేరు. నాకు చాలా నచ్చింది.

కొన్నాళ్లకు, జిల్లాల్లో ముసలివాళ్లకు పంచడానికి బ్యాండ్లు కొనే సంస్థవాళ్లు వచ్చారు. కంపెనీలో అందరికన్నా నిలకడైన గుండె ఎవరిదో వాళ్ల ముందు ప్రకటించి శాలువా కప్పాలని చక్రపాణిగారి ముచ్చట. లెక్కలు తీస్తే కనకవ్వ పేరు వచ్చింది. మెట్లెక్కినా డెబ్బై రెండే, సూపర్‌వైజరు కసిరినా డెబ్బై రెండే! ఆయన మురిసిపోయి, తన చేతులతోనే ఆమెకు కొత్త బ్యాండు కట్టి, తెర అందరికీ చూపించారు.

"దయచేసి బ్యాండు ధరించండి."

"ఆ గుండె నాది గాదు సార్, అద్దాల రూముల ఉన్నది" అంది కనకవ్వ. "బతికున్న నన్ను మీ బ్యాండు గుర్తువడ్తలేదు. ఆ సచ్చిన చెయ్యిని గుర్తువడ్తది. నన్నేం జెయ్యమంటరు?"

సచ్చిన చెయ్యి! నా మనసు చివుక్కుమంది.

"మోసం! రేపట్నించి పనిలోకి రావద్దు" అన్నారు చక్రపాణిగారు.

"అయితే నన్నూ పంపించెయ్యండి సార్. కట్టింది నేనే" అంది తబిత.

కొనడానికి వచ్చిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మా దిక్కు ముసలమ్మలందరికీ పచ్చబొట్లే ఉంటయి. వాళ్లను ఏం జేద్దామంటరు?"

బ్యాండు బాగుపడేదాకా కొనేది లేదని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. బాగుచేయాలంటే పచ్చబొట్టున్న చెయ్యి కావాలి. అందుకని చక్రపాణిగారు కోపం దిగమింగారు. కనకవ్వ పని నిలబడింది. ఆమె హాజరు మళ్లీ కాగితం మీదికి వచ్చింది.

కానీ ప్యాకింగు మానేసి ఆమె రోజంతా మా గదిలో కూర్చోవడం కుదరదు కదా. తబిత జాతరల్లో పచ్చబొట్లు పొడిచే ఆయన్ని పిలిపించింది. ఆయన కనకవ్వ తులసికోటను చూసి అచ్చం అలాగే నాకు పొడిచాడు. "ఇంతమందికి పొడిచిన, అబ్బా అననోళ్లను ఇయ్యాల్నే చూస్తున్న" అని నవ్వాడు. నా తెలుపూ నునుపూ అంతటితో సరి.

తబిత నాకు బ్యాండు కట్టి స్విచ్ వేసింది. నేను ఎప్పటిలాగే కొట్టుకున్నాను.

"దయచేసి బ్యాండు ధరించండి."

ఉన్నానే! ఇక్కడే ఉన్నాను, కొట్టుకుంటున్నాను! అరుద్దామంటే చేతికి నోరేది? ఇన్నాళ్లూ కనకవ్వ పడింది ఇదన్నమాట. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కనకవ్వ దగ్గరికి వచ్చింది. బ్యాండు విప్పి పక్కన పెట్టింది. నా తులసికోట మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుంది.

"ఉన్నది మేడం" అంది. "మంచిగ కొట్టుకుంటున్నది."