నిలబడ్డ నక్కతోక పువ్వు

దొరైస్వామి నాయుడికి రెండు కళ్ళలోనూ పొర కమ్మి నాలుగేళ్ళయింది. ఆ సంగతి కోయంబత్తూరు మొత్తం మీద ఇద్దరికే తెలుసు, ఆయనకీ, ఆయన కూతురు శివకామికీ. మిల్లు నూలు కట్టలమీద అంటించే నెమలి బొమ్మను చూసి ఊరంతా ఆయన చేతిపనిని తెగ మెచ్చుకునేది. ఆయన కూడా ఏమాత్రం సిగ్గుపడకుండా మీసం దువ్వుకునేవాడు. అచ్చుకోసం చెక్కమీద బొమ్మలు చెక్కుతున్నది మాత్రం నాలుగేళ్ళుగా శివకామే.

పంతొమ్మిదేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని ఆమె పుట్టింటికి వచ్చింది. అప్పటినుంచీ వెనకగది, పెరడు, బావి. షిఫ్టు మారేవేళ మిల్లు సంగు, ఆ సైరను, కూసినప్పుడు వీధిలో వేలమంది నడిచిపోతున్న చప్పుడు వినడమే తప్ప, ఆ మనుషుల ముఖాలు చూసింది లేదు. తండ్రి చెడ్డవాడేమీ కాదు. కూతురికి జ్వరం వస్తే తాను పస్తుండే మనిషి. ఊరి నోటికి మాత్రం పులిని చూసినట్టు భయపడతాడు.

ఆ ఏడు సర్కారువారు నీలగిరి మొక్కలమీద పుస్తకం వేయ తలపెట్టారు. ముప్పై బొమ్మలు. ఆ పని చూసే అధికారి గోపాలకృష్ణన్ పొల్లాచ్చి పక్క నాయుళ్ళ పిల్లవాడే. మొదటి మొక్కను తడిగుడ్డలో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి తెచ్చాడు. నక్కతోకలాంటి పొడవాటి గుత్తి, దాని నిండా లేత ఊదా రంగు పూలు.

"ఇది కొండమీద ఎట్ల ఉంటుందో చూసినారా మామా?" అని అడిగాడు.

"చూడకేమి సార్! మేట్టుపాళయం దాటి కొండెక్కి, ఈ కండ్లతోనే చూస్తిని" అన్నాడు దొరైస్వామి. ఆ కళ్ళతో ఆయనకు ఎదుట నిలబడ్డ మనిషి ముక్కే కనబడదు.

శివకామి ఆ మొక్కను ఇత్తడి చెంబులో నిలబెట్టి, గుత్తి వాలిపోకుండా గోడకు ఆనించింది. తొమ్మిది రోజులు వంచిన తల ఎత్తలేదు. అచ్చులో సరిగ్గా పడాలంటే చెక్కమీద కుడి ఎడమలు తారుమారు కావాలి. అద్దంలో చూసుకుంటూ రేకు రేకునా ఉన్న చుక్కలన్నీ చెక్కింది. చెక్కినంత మేరా కాగితం మీద తెల్లగా, మిగిలిందంతా నల్లగా పడుతుంది. మొదటి అచ్చు చూసుకుని ఆమెకే గర్వమనిపించింది.

మూడోనాడు గోపాలకృష్ణన్ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. శివకామి తలుపు వెనక నిలబడింది.

"మామా, మీరు ఈ పూవును కొండమీద చూడనే లే. ఇది మన్నులో మొలిచే చెడి మొక్క కాదు. చెట్టుకొమ్మను కరుచుకుని ఉంటుంది, గుత్తి కిందికి వేలాడుతుంది. మీరేమో చెరుకుగడ మాదిరి నిలబెట్టినారే!"

దొరైస్వామి వెంటనే, "తలకిందులు చేసి అచ్చు వేస్తే సరిపోదా సార్?" అన్నాడు.

గోపాలకృష్ణన్ కాగితం తిప్పి చూసి నవ్వాడు. "అప్పుడు వెలుగు కిందినుంచి కొడతా ఉండాది చూడండి. సూర్యుడు భూమిలో ఉండాడా మామా?"

తలుపు వెనక శివకామికి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. గోపాలకృష్ణన్ అంతటితో ఆగలేదు.

"చెక్కిన చెయ్యి గొప్ప చెయ్యి. మీ కండ్లకు ఈ కాగితమే కనబడలే, ఇది మీ చెయ్యి కాదు. అయితే ఆ మనిషి ఈ ఇంటి గడప దాటలే. ఎవరది? ముప్పై మొక్కలూ ఉన్నచోటే చూసి చెక్కాల. సోమవారం మా బండి కొండకు పోతుంది, ఆ మనిషిని పంపండి."

నాలుగేళ్ళలో తాను ఎక్కడున్నదీ కనిపెట్టినవాడు ఇతనొక్కడే. అదీ తాను చేసిన తప్పువల్ల! శివకామి తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

"నేనే సార్. నేను చెక్కితిని. నన్ను తీసకపోండి. ఒక్కసారి చూసి వస్తాను."

"వేండామ్‌మా, వద్దు, లోపలికి పో అమ్మణీ" అన్నాడు తండ్రి. ఆయన గోపాలకృష్ణన్ వైపు తిరిగాడు. "వెలివేస్తారు సార్. మా తమ్ముళ్ళు కూడా మా ఇంట్లో చెయ్యి కడగరు."

గోపాలకృష్ణన్ ఆమె తెల్లచీర చూశాడు, ముసలాయన చేతులు చూశాడు. మంచివాడు కనుక మనసు కరిగింది.

"బాధపడొద్దు మామా. నేను ఎవరికీ చెప్పను, పేరు మీదే ఉంటుంది. అమ్మణి యాడికీ రానక్కరలే. కొమ్మతో సహా కోయించి ఈడికే పంపిస్తాను."

దొరైస్వామి ఆయన రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. ఇద్దరూ శివకామివైపు తిరిగి, ఆమెకేదో కానుక ఇచ్చినట్టు నవ్వారు. వాళ్ళమీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు దారి లేకపోయింది. సోమవారం బండి కొండకు పోయింది, బుధవారం కొమ్మ ఇంటికి వచ్చింది.

తండ్రి తడుముకుంటూ తానే దాన్ని పెరటి పంచలో దూలానికి కొబ్బరితాడుతో కట్టాడు. గుత్తి కిందికి వేలాడింది. శివకామి కంటికి ఎదురుగా కనబడినదంతా చెక్కింది. పూలు, ఆకులు, కొమ్మ, కొమ్మకు బిగించిన తాడు, దాని ముడి, ఒక్కొక్క పురి. కొత్త అచ్చు చూసి గోపాలకృష్ణన్ పొంగిపోయాడు.

"బ్రహ్మాండం అమ్మణీ! ఈ తాడు మాత్రం ఎందుకు? అడవిలో తాడు ఉంటుందా? తీసేస్తే సరి."

తీసేయడం ఎంతసేపు! ఆ గీతల మధ్య మిగిలిన చెక్కను గీకేస్తే చాలు, అక్కడా చుట్టూ ఉన్నట్టే తెల్లగా పడుతుంది. శివకామి సన్నటి ఉలి తీసుకుని తాడును పురి పురిగా చెరిపేసింది. ముడి దగ్గర చెయ్యి ఒకసారి ఆగింది. దాన్నీ చెరిపింది. ఇప్పుడు బొమ్మలో కొమ్మ అడవిలో ఉన్నట్టే ఉంది, ఎవరూ ఎక్కడా కట్టేసినట్టు లేదు. చెక్క తడిస్తే ఉబ్బి అచ్చు చెడుతుంది. అందుకని పని అయ్యేదాకా ఆగి, చెక్కను గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, అప్పుడు ఏడ్చింది.